తోడేలు బోను ముందు బాపు

అరవైలలో ఒకసారి దేవరకొండ నుంచి ఇంటిల్లిపాదీ పట్నం చూడబోయాం. జంతుశాలలో మేమంతా ఏనుగు దగ్గరికి పోదామంటే, గొర్రెలు కాసే మా బాపు తోడేలు బోను ముందే కర్ర పట్టుకొని నిలబడ్డాడు. తోడేలుకు వీపు చూపకూడదట.

మాంసం బకెట్‌తో వచ్చిన పనివాడు అది చూసి నవ్వాడు.

"నాది కల్వకుర్తి దిక్కే, పెద్దయ్యా. నేను గూడ గొర్లు కాసినోన్నే. తోడేళ్లు మందనంత ఆగం జేసినయ్. గందుకే పట్నమొచ్చి గీ నౌకరిల చేరిన. ఇప్పుడు రోజూ దీన్నే మేపుతున్న."

బాపు అతణ్ణి ఓదారుస్తాడనుకున్నాను. ఆయన బకెట్‌లోకి తొంగిచూసి మొహం చిట్లించాడు.

"గింత ముసలి గొర్రెనా ఏసేది? మన దిక్కు తోడేళ్లు గిసుంటిది ముట్టనే ముట్టయ్!"