చెక్ దేశపు కోటుకు ఎర్ర వీపు

మా ఇంటిని ఛత్రినాకలో ఇప్పటికీ దేవిడీ, అంటే దొరల భవంతి, అనే అంటారు. లోపలి భాగమంతా ఏనాడో ఫంక్షన్ హాలయింది. మేము గేటు పక్కన, ఒకప్పుడు పహరావాళ్లు ఉండిన రెండు గదుల్లో ఉంటున్నాం. ఆ గదులకు గాలి బాగా వస్తుంది. ఈ మాట అడిగినవాళ్లకూ చెబుతాను, అడగనివాళ్లకూ చెబుతాను.

దేవిడీ చేతులు మారినప్పుడు ఏ కాగితంలోనూ రాయనిది ఒకటి మాకు మిగిలింది. ఆషాఢం బోనాలప్పుడు మా గల్లీ అమ్మవారి ఘటం, అంటే అమ్మవారిగా అలంకరించిన కుండ, ఊరేగుతూ వచ్చి మా గేటు ముందు ఆగుతుంది. మా ఇంటి పెద్ద పొడుగు కోటు తొడుక్కుని కొబ్బరికాయ కొట్టి, ఘటానికి ముందు గుడిదాకా నడవాలి. గుడిలో కమిటీవాళ్లు శాలువా కప్పుతారు. మా తాత నడిచాడు, మా నాయన నడిచాడు, నేనూ నడుస్తున్నాను. మా వంశానికి ఈ ఊళ్లో మిగిలిన ఆస్తి ఆ కొద్దిపాటి నడకే.

పోయినేడు కొబ్బరికాయ కంటే ముందు షేర్వానీ పగిలింది. అది తాత షేర్వానీ. నేను కాయ ఎత్తి వంగగానే మెడ దగ్గర్నుంచి నడుందాకా బట్ట విచ్చుకుంది. డప్పులవాళ్లు సరిగ్గా అప్పుడే ఊపిరి తీసుకోవడానికి ఆగారు కాబట్టి ఆ చప్పుడు గల్లీ మొత్తానికీ వినబడింది. అయినా నేను నడిచాను. వీపుకు గాలి తగులుతున్నా తల దించలేదు.

ఈ ఏడు ఎండలు తగ్గకముందే కమిటీ అధ్యక్షుడు మా గదికి వచ్చాడు. ఆయనకు పాల వ్యాపారం. మా గేటు ఎదురుగానే గేదెలు కట్టేస్తాడు. కుర్చీ వేసినా కూర్చోలేదు.

“దొరా, ఓ మాట. ఈసారి మీకు తక్లీఫ్ ఇయ్యొద్దని బస్తీల అందరు అంటున్నరు.”

“అందరూ అంటే ఎవరు?”

“అందరంటే... మిఠాయి దుకాణం సేటు.”

“ఆయనొక్కడే అందరా?”

“మనిషి జర పెద్దగుంటడు గద దొరా.” అని ఆయన గడప వైపు చూస్తూ చెప్పాడు. “మీకు మంచి కోటుంటే మీరే నడువుండ్రి, నాకేం లొల్లి లేదు. లేకుంటే సేటు నడుస్తా అంటున్నడు. సూటు గూడ కుట్టిచ్చుకున్నడు. చమ్కీలది.”

చమ్కీల సూటు వెనక అమ్మవారు నడవడం నేను ఊహించుకోలేకపోయాను. కోటు ఉంటుందని చెప్పి పంపించాను.

కోటు లేదు. పాత షేర్వానీ పట్టుకుంటే పొడిగా రాలిపోతోంది. దాని నీలం గాజు గుండీలు మాత్రం మా ఆవిడ విప్పి డబ్బాలో దాచింది. అవి బొహీమియా నుంచి తెప్పించినవని మా నానమ్మ చెప్పేది. అన్నం తినను అని మారాం చేసే పిల్లలకు చందమామను చూపించినట్టు మాకు ఆ గుండీలు చూపించేది. ఇక దుకాణంలో వేలాడే బట్ట మా ఇంట్లో ఎవరూ తొడగరు. ఎవరి కోసమో తెలియకుండా కుట్టిన బట్ట ఎవరిదీ కాదని మా నాయన అనేవాడు.

మా అమ్మాయి హైటెక్ సిటీలో ఉద్యోగం చేస్తుంది. బట్టల విషయంలో ఆ పిల్లకూ ఒక పట్టింపు పట్టుకుంది. భూమికి చేటు చేసే బట్ట, నాలుగు ఉతుకులకు పారేసే బట్ట కొనదు. ఆ రాత్రి అన్నాల దగ్గర ఫోను నా ముందుకు జరిపింది.

“బాపు, నీ బొహీమియా ఇప్పుడు చెక్ దేశంల ఉన్నది. చూడు. చిన్న కుట్టుపనోళ్లు. కొలతలు పంపితే మనిషిని బట్టి కుడ్తరంట. నార ఆడనే పండుతది, నేత ఆడనే, కుట్టుడు ఆడనే. అంతా లోకల్.”

“ఆడ లోకలైతే మనకెట్ల లోకలైతదే?” అంది మా ఆవిడ. “మనకు లోకల్ అంటే మాదన్నపేట.”

“మమ్మీ, మాదన్నపేటల కూరగాయలు దొరుకుతయి.”

“వంకాయ రంగు కోటు గావాల్నంటే దొరుకుతది.”

నేను కల్పించుకున్నాను. ఆ దేశం మా ఇంటికి కొత్తది కాదని, మూడు తరాల కిందటే దాని గుండీలు మా ఛాతీ మీద ఉన్నాయని, కాబట్టి ఇది కొనుగోలు కాదు, పాత చుట్టరికం కలుపుకోవడమని చెప్పాను. బూడిద రంగు అవిసె నార బట్ట, నిలువు కాలరు, మోకాళ్ల కిందికి వచ్చే పొడవు. కుట్టినామె తన పేరు లోపల చేత్తో రాసి పంపుతుందట. అది నాకు నచ్చింది. వెల చూసి మా ఆవిడ పెరుగు గిన్నె తీసుకుని లోపలికి పోయింది.

మరునాడు అమ్మాయి టేపుతో కొలతలు తీసింది. ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. దర్జీ ముందు మా మగవాళ్లు ఊపిరి వదలరు. ఛాతీ నింపి, పొట్ట వెనక్కి లాగి, ఫోటోకు నిలబడ్డట్టు నిలబడతారు. దర్జీ ఆ కొలతే పైకి చదువుతాడు. కత్తిరించేటప్పుడు మాత్రం, మనిషి ఊపిరి తీసుకుంటాడని, భోజనం చేస్తాడని గుర్తుపెట్టుకుని కొంత కలుపుకుంటాడు. ఆ సంగతి దర్జీకీ తెలుసు, మాకూ తెలుసు. ఎవరూ పైకి అనరు. అది మర్యాద.

నేను అలవాటు చొప్పున ఊపిరి బిగపట్టాను. అమ్మాయి ఉన్నదున్నట్టు రాసి చెక్ దేశానికి పంపింది. ఆ గుండీలు చేసిన జాతికి ఈపాటి మర్యాద తెలియకుండా ఉంటుందా అనుకున్నాను.

కోటు బోనాల వారంలోనే వచ్చింది. తెచ్చినతను గేటు దగ్గర్నుంచి ఫోను చేసి, “సార్, అడ్రసుల దేవిడీ అని ఉన్నది, ఈడ ఫంక్షన్ హాలున్నది, పెండ్లి పిల్లకు ఇయ్యాల్నా?” అన్నాడు. నేనే వెళ్లి, దేవిడీని నేనేనని చెప్పి తీసుకున్నాను.

అట్టపెట్టె విప్పగానే మా ఆవిడ చేసిన మొదటి పని పసుపు తేవడం. కొత్త బట్ట తొడిగే ముందు అంచుకు పసుపు పెట్టాలి. అమ్మాయి “మమ్మీ, ఆగు, ముందు...” అనేలోపు పసుపు చుక్క లోపలి అంచు మీద పడింది. ఆ నార మంచిది. పసుపును ప్రాణంలా పీల్చుకుంది.

గుండీలు గోధుమ రంగులో మొద్దుగా ఉన్నాయి. ఇవేమిటని అడిగాను.

“కొబ్బరి చిప్పవి బాపు. ప్లాస్టిక్ వాడరు.”

“ఆ దేశంలో కొబ్బరి చెట్లున్నాయా?”

అమ్మాయి ఫోను తీసి వెతికింది. “గుండీలు ఒక్కటి లోకల్ కాదేమో.”

కొబ్బరికాయ కొట్టడానికి కొబ్బరి చిప్పలు పెట్టుకుని వెళ్లడం నాకు బాగా అనిపించలేదు. మా ఆవిడ వాటిని తీసేసి తాత నీలం గుండీలు కుట్టింది. పుట్టిన దేశపు బట్ట మీద అవి మళ్లీ కూర్చున్నందుకు ఒక్కొక్కదాన్నీ వేలితో తడిమాను. అప్పుడు కోటు తొడిగాను.

అద్భుతంగా పట్టింది. అద్దంలో మా తాత నిలబడ్డాడు. మా ఆవిడ కూడా ఒక్క క్షణం కొంగు సర్దుకుంది. తర్వాత నేను ఊపిరి వదిలాను. పై గుండీ ఎగిరి మంచం కిందికి పోయింది.

అంటే కోటు సరిపోయింది. ఊపిరి తీసుకోని మనిషికి సరిపోయింది.

అమ్మాయి వాళ్లకు రాసింది. మరకపడినది వెనక్కి తీసుకోలేమని, అయితే తమ బట్టను జీవితాంతం బాగుచేసి ఇస్తామని, పంపితే ఎంతో సంతోషమని వాళ్లు ఎంతో ప్రేమగా జవాబిచ్చారు. పోయి రావడానికి దసరా దాటుతుంది.

“జీవితాంతం అంటే ఎవరి జీవితాంతం?” అని మా ఆవిడ అడిగింది. “ఈయన గా కోటు తొడుక్కొని గట్లనే నిలబడితే పొద్దుగూకే వరకే అయిపోతది.”

కోటు పట్టుకుని మా పాత దర్జీ దగ్గరికి వెళ్లాను. ఆయన కబుర్లకూ కుట్టుకూ సమానంగా పేరు పడ్డవాడు. కోటు తిరగేసి కుట్లు విప్పి చూశాడు. మొహం ఎవరో చావు కబురు చెప్పినట్టు అయింది.

“గిదేంది దొరా? లోపల బట్ట ఇడ్వనే లేదు! ఒక్క పోగు లేదు! గింత కంజూసోళ్లా?”

“వాళ్లు బట్ట వృథా చేయరట. భూమికి మంచిదట.”

“భూమికి మంచిదే. మీ కడుపుకు?”

విప్పడానికి లోపల మిగులు బట్ట లేదు కాబట్టి వీపు మధ్యలో నిలువునా కోసి అతుకు వేయడం తప్ప దారి లేదన్నాడు. వేయమన్నాను. కోటు ఊరేగింపు రోజు పొద్దున అందింది. ముందు నుంచి చూస్తే చెక్కుచెదరలేదు. తిప్పి చూస్తే మెడ నుంచి అంచుదాకా జానెడు వెడల్పున ఎర్ర సాటిన్, దానికి రెండు పక్కలా బంగారు జరీ.

“పండుగకు దుకాన్లన్నీ బంద్ దొరా. పెండ్లి బ్యాండోళ్ల డ్రెస్సులు కుట్టంగ మిగిలిందే ఉండె. మస్తు మజ్బూత్ గుడ్డ. ఇగ మీరు కడుపునిండ ఊపిరి తీసుకోండ్రి.”

ముందు నుంచి నేను దేవిడీ వారసుణ్ణి. వెనక నుంచి బ్యాండు మేస్త్రీని.

మీద శాలువా కప్పుకుని పొమ్మని అమ్మాయి సలహా ఇచ్చింది. శాలువా కప్పించుకునే చోటికి శాలువా కప్పుకుని వెళ్లడం మా ఇంట్లో లేదు. అప్పటికే డప్పులు మలుపు తిరిగాయి. నేను గేటుకు వీపు ఆనించి నిలబడ్డాను.

ఘటం ఆగింది. చమ్కీల సూటు వేసుకుని సేటు కూడా వచ్చి, అవసరం పడితే ఉంటానన్నట్టు పక్కనే నిలబడ్డాడు. నేను వంగి కాయ కొట్టాను. కాయ పగిలింది, కోటు పగల్లేదు. సేటు మొహం కొద్దిగా వాడింది. ఇక గుడి వైపు తిరిగి, ఘటానికి ముందు నడవాలి. నేను తిరిగితే గల్లీ మొత్తానికీ ఆ ఎర్ర సాటిన్ కనబడుతుంది. పోయినేడు చిరిగిన వీపు చూశారు, ఈ ఏడు బ్యాండు వీపు చూస్తారు. వచ్చే ఏడు ఇక్కడ నడిచేది నేను కాదు, సేటు.

నేను తిరగలేదు. అమ్మవారికి చేతులు జోడించి, గుడి దిక్కుగా వెనక్కి ఒక అడుగు వేశాను. ఇంకొకటి వేశాను.

అధ్యక్షుడు నోరు తెరిచాడు. డప్పులవాళ్లు ఒకరినొకరు చూసుకుని దరువు నెమ్మది చేశారు. ఘటం నా వెంట కదిలింది. నా వెనక దారిలో ఉన్నవాళ్లను అమ్మాయి, మా ఆవిడ ముందే పక్కకు జరుపుతూ పోయారు. అందరూ గోడలకు ఆనుకుని అమ్మవారిని, నన్ను చూస్తున్నారు. ఎర్ర వీపు చూసింది అధ్యక్షుడి గేదెలు మాత్రమే.

“దొరా, మోరీ! మోరీ కాల్వల పడ్తరు! జర కుడిదిక్కు!”

“కుడి ఎవరిదిరా, ఆయనదా మనదా?”

“ఆయనదే! అరే, గట్ల గాదు, ఎడమకు రా దొరా!”

“ఎన్కకెందుకు నడుస్తున్నడే?”

“అమ్మకు ఈపు చూపెట్టొద్దని. దేవిడోళ్ల ఆచారం. మా అవ్వ చెప్తుండె.”

ఆ అవ్వ ఎవరో నాకు తెలియదు, కానీ ఆమె ఆత్మకు శాంతి కలగాలని అప్పుడే కోరుకున్నాను. స్పీడ్ బ్రేకరు దగ్గర ఒక్కసారి తూలాను. జనం “అమ్మా!” అని ఒక్క గొంతుతో అరిచారు. నేను నిలదొక్కుకున్నాను. గుడి మెట్లు కూడా వెనక్కే ఎక్కాను. గుడిలో శాలువా భుజాల మీద పడగానే, కడుపునిండా ఊపిరి తీసుకున్నాను. గుడ్డ నిజంగానే మజ్బూత్.

“ఏం ఇజ్జత్ దొరా, ఏం ఇజ్జత్!” అధ్యక్షుడి కళ్లు తడిగా ఉన్నాయి. “ఇన్నేండ్ల సంది మేమంత అమ్మకు ఈపు తిప్పే నడిచినం గద!”

సేటు మాత్రం నన్ను కిందికీ పైకీ చూశాడు. “పోయినేడు సీదా నడిస్తిరి గదా, దొరా?”

“పోయినేడు కోటు సరిగ్గా లేదు.” అన్నాను. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

అధ్యక్షుడు మైకు అందుకున్నాడు. ఇకమీదట ఘటం ముందు ఎవరు నడిచినా దేవిడీ ఆచారం ప్రకారం వెనక్కే నడవాలని కమిటీ తీర్మానించిందన్నాడు. తీర్మానించింది ఆయనొక్కడే, కానీ మనిషి మైకు దగ్గర ఉన్నాడు.

సేటు వెంటనే ఓడిపోలేదు. ఒక పొద్దున తన దుకాణం ముందు సాధన చేస్తూ, వెనక్కి వెనక్కి వచ్చి, చల్లారబెట్టిన జిలేబీల పళ్లెంలో కూర్చున్నాడని పాలు పోసే ఆవిడ చెప్పింది. అప్పటి నుంచి ఆయన నన్ను చూస్తే ముందుగా నమస్కారం పెడుతున్నాడు.

మొన్న చెక్ దేశం నుంచి చిన్న పొట్లం వచ్చింది. వీపు అతుకు సంగతి అమ్మాయి రాసిందట, వాళ్లు మా కష్టం మరిచిపోలేదు. అదే నార, అదే బూడిద రంగు, వీపు అతుకుకు సరిపోయేంత గుడ్డ ఊరికే పంపారు. దర్జీ గంటలో మార్చి ఇస్తానన్నాడు. ఆ గుడ్డను మడిచి అలమారలో పెట్టించాను. వీపు ఎంత బాగున్నా ఇక నేను అమ్మవారికి వీపు తిప్పి నడిచేది లేదు.

ఇప్పుడు పొద్దున్నే, పెళ్లిళ్లు లేని రోజుల్లో, ఫంక్షన్ హాలు వాకిట్లో నడుస్తాను. మా ఆవిడ గేటు దగ్గర చాయ్ తాగుతూ నిలబడుతుంది.

“ఎడమకు... ఇంకా ఎడమకు... ఆగుండ్రి, జెనరేటర్ ఉన్నది.”

నేను ఆగుతాను. తల దించను.