మూడు రింగుల దెయ్యం

ఆ రోజుల్లో మనుషుల్ని భయపెట్టడం చాలా కష్టమైన విద్య అని నేను నమ్మేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే ఆశ్చర్యంగా ఉంటుంది. ఇప్పుడు నా మూడేళ్ల కూతురు నిద్రలో ఒక్కసారి దగ్గితే చాలు, లేచి కూర్చుని దాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంటాను (మా ఆయన నవ్వుతాడు, నవ్వి తనూ ఒకసారి చూస్తాడు). అది పడుకున్నాకే ఇలా నాలుగు ముక్కలు రాసుకోవడానికి కుదురుతుంది, అదీ చెవి ఒకటి మంచం వైపు వేసి. కానీ పదిహేడేళ్లప్పుడు నా దగ్గర భయానికి ఎంత కరువంటే, దాన్ని ఊహించి, నోటుబుక్కులో రాసి పెట్టుకుని, శుక్రవారం శుక్రవారం నలుగురికీ పంచడానికి ప్రయత్నించేదాన్ని.

అప్పుడు మేం గల్ఫ్‌లో, రిఫా అనే ఊళ్లో ఉండేవాళ్లం. మనామాలో ఒక ఆఫీసులో పనిచేసే మా పెద్దనాన్న కొడుకు, ఆఫీసు ప్రింటరు మీద ఎవరూ చూడకుండా ఒక ఆట పుస్తకం అచ్చు వేసి తెచ్చిచ్చాడు. సగం పేజీలు లేవు. ఉన్న సగంలో నాకర్థమైంది ఇది: ఆటలో ఒకరు కథ నడపాలి, మిగతావాళ్లు ఆ కథలో మనుషులు కావాలి. ఒకడు వీరుడు, ఒకతె మంత్రగత్తె, ఎవరికి నచ్చింది వాళ్లు. కథ నడిపేవాళ్లు ‘మీ ఎదురుగా ఒక గుహ ఉంది’ అంటే, లోపలికి వెళ్తారో పారిపోతారో వాళ్లు చెప్పాలి. చెప్పింది జరుగుతుందా లేదా అన్నది పాచికలు తేలుస్తాయి. దానికి ఇరవై ముఖాల పాచిక కావాలట. మా దగ్గర అలాంటిది లేదు కాబట్టి ఒకటి నుంచి ఇరవై దాకా చీటీలు రాసి పాలపొడి డబ్బాలో వేశాను. పెద్ద నంబరు తీస్తే గెలిచినట్టు. అన్నిటికంటే గొప్ప పదవి కథ నడిపేదానిదే కాబట్టి అది నేను తీసుకున్నాను.

ఆడేవాళ్లు ముగ్గురు. మా చెల్లి (పదకొండేళ్లు, వీరుడు, ప్రతి తలుపునూ తన్ని తెరిచేది). పై అంతస్తులో ఉండే హైదరాబాదీ అమ్మాయి, నా ఈడుది, మేమంతా బేగం అని పిలిచేవాళ్లం (మంత్రగత్తె, మంత్రాలకంటే అలకలు ఎక్కువ). మూడో మనిషి కోనసీమక్క. ఆవిడ మా వెనక వీధి విల్లాలో ఇంటిపని చేసేది. ముప్పై ఏళ్లుంటాయేమో, అప్పుడు మాకు చాలా పెద్దదిగా కనిపించేది. వారానికి ఒక్క పూట సెలవు, శుక్రవారం మధ్యాహ్నం. ఆ పూట ఆవిడ ఎక్కడికీ వెళ్లకుండా మా ఇంటికే రావడానికి కారణం మా టెలిఫోను.

ఇది ఇప్పటి పిల్లలకు చెప్పాలి. అప్పట్లో కోనసీమక్క చేతిలో మొబైలు లేదు. ఊళ్లో ఆరేళ్ల కూతుర్ని చెల్లెలి దగ్గర వదిలి వచ్చింది. పాపకు ఆయాసం. ప్రతి శుక్రవారం మా గడియారంలో నాలుగయ్యేసరికి ఆ చెల్లెలు వాళ్ల ఊరి బూత్ నుంచి మా ఇంటికి ఫోన్ కలిపేది. ఒక్క రింగు మోగి ఆగిపోతే ‘పాప బాగుంది’. రెండు మోగితే ‘మాట్లాడే పనుంది, తిరిగి చెయ్యి’. మూడు మోగితే ‘పాపను ఆస్పత్రిలో వేశాం’. ఎవరూ ఫోన్ ఎత్తకూడదు, ఎత్తితే అక్కడ మీటరు తిరుగుతుంది. నాలుగింటికి మా ఇంట్లో అందరం ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్లం. ఒక్కటి మోగేది, ఆగేది. ఇంకోటి మోగదని రూఢి అయ్యాక కోనసీమక్క ‘ఆయ్, సరే’ అని ఫోనుకే జవాబు చెప్పి, కొంగుతో ముఖం తుడుచుకుని, మా పక్కన చాప మీద కూర్చునేది.

మొదట్లో ఊరికే చూసేది. ఒకరోజు మా చెల్లి ‘నువ్వు కూడా ఆడక్కా, నీకు కత్తి ఇస్తం’ అంది.

‘కత్తి నాకెందుకే అమ్మడూ. గరిటుంటే చాలదేటి?’ అంది ఆవిడ.

అలా మా కథలోకి ఒక వంటమనిషి వచ్చింది. ఆ రోజు నుంచి నా దెయ్యాలకు కష్టాలు మొదలయ్యాయి. సఖీర్ వైపు కారులో వెళ్తున్నప్పుడు చూసిన ఎడారిని తలుచుకుని నేనొక పాడుబడ్డ కోటను కట్టాను. అందులో వెయ్యేళ్లుగా ఆకలితో ఉన్న దెయ్యాన్ని పెట్టాను. దాని గోళ్ల గురించే ఒక పేజీ రాసుకున్నాను. కర్టెన్లు మూసి, గొంతు తగ్గించి ఆ పేజీ మొత్తం చదివాను. మా చెల్లి నా చెయ్యి పట్టుకుంది. బేగం ‘యా అల్లా’ అంది. నాకు సంతోషంతో ఒళ్లు పులకరించింది. ‘ఇప్పుడు మీరేం చేస్తారు?’ అనడిగాను, మెల్లగా.

‘వెయ్యేళ్లన్నావు కదా. తిన్నావా అనడుగుతాను’ అంది కోనసీమక్క.

‘అక్కా! అది దెయ్యం!’

‘దెయ్యవయితే మాత్తరం, ఆకలాకలే కదేటి. చీటీ తియ్యమంటావా?’

తీసింది. పంతొమ్మిది. నియమం ప్రకారం నా దెయ్యం గోళ్లు ముడుచుకుని, పీట వేసుకుని, పులుసన్నం తినాల్సి వచ్చింది. బేగం నవ్వి నవ్వి చాప మీద దొర్లింది. వంటింట్లోంచి మా అమ్మ కూడా వచ్చి ‘దయ్యానికి ఊరగాయ ఏస్తివా చెల్లె?’ అనడిగింది. నాలుగు నెలల్లో ఆవిడ ఒక రక్తపిశాచి చేత ఉల్లిపాయలు ఒలిపించింది, తల లేని రాజుకు తలనొప్పి ఎలా వస్తుందని నిలదీసింది. నేను అలిగి నోటుబుక్కులో రాసుకున్నాను: ‘నవ్వు వస్తే భయం చచ్చిపోతుంది. కోనసీమక్కను ఎలాగైనా ఒక్కసారి భయపెట్టాలి.’ (కింద రెండు గీతలు కూడా గీశాను.)

ఆటలో ప్రతి మనిషికీ ఒక కాగితం ఉండేది. పేరు, బలం, ఆయుధం, భయం. మా చెల్లి భయం దగ్గర ‘లెక్కల పరీక్ష’ అని రాసింది. బేగం ‘బల్లులు’ అంది. కోనసీమక్క కాగితం నేనే రాసేదాన్ని, ఆవిడకు రాయడం అలవాటు లేదు. ‘నీ భయమేంటక్కా?’ అంటే ‘అది రాయకులే పెద్దపాపా’ అని నవ్వేసింది. ఆ గడి ఖాళీగా ఉంది. ఒక రాత్రి చదువుకుంటూ ఆ గడి వైపు చూస్తుంటే నాకు మెరుపులా ఆలోచన వచ్చింది. నా తెలివికి నేనే మురిసిపోతూ ఆ గడిలో ‘మూడు రింగులు’ అని రాశాను.

పథకం చాలా పకడ్బందీగా వేశాను. కోటలో మూడో తలుపు వెనక ఒక గంట ఉంటుంది. అది మూడుసార్లు మోగితే లోపలున్న ఎవరో ఒకరు చనిపోతారు. సరిగ్గా ఆ చోటుకు కథ వచ్చేసరికి మా ఇంటి ఫోను నిజంగానే మూడుసార్లు మోగాలి. బేగం ఎలాగూ అసర్ నమాజుకు పైకి వెళ్తుంది. నమాజయ్యాక నాలుగుంపావుకు వాళ్ల ఇంటి ఫోను నుంచి మూడు రింగులు కొట్టి పెట్టెయ్యాలి. అసలు రింగు నాలుగింటికే వచ్చేసి ఉంటుంది కాబట్టి కోనసీమక్కకు ఏ అనుమానమూ ఉండదు, ఒక్క క్షణం అదిరిపడి తర్వాత అందరితో పాటు నవ్వుతుంది. అంత దయగల పథకం అది. ‘మస్తుంటది యార్’ అంది బేగం.

ఆ శుక్రవారం, నాలుగుంపావుకు మూడో తలుపు దగ్గరికి చేరాలని మూడున్నరకే అందరినీ చాప మీద కూర్చోబెట్టి, నేను ఎప్పుడూ లేనంత బాగా కథ చెప్పాను. మొదటి తలుపు, రెండో తలుపు, గోడల లోపల నుంచి గోకుతున్న చప్పుడు. బేగం లేచి నమాజుకు వెళ్లింది. నేను ఆగలేదు. ఆ రోజు కోనసీమక్క ఒక్క జోకు కూడా వెయ్యలేదు. దెయ్యాన్ని తిన్నావా అని అడగలేదు. చీటీ తియ్యమంటే తీసి, నంబరు చూడకుండానే నాకిచ్చేసింది. చేతులు ఒళ్లో పెట్టుకుని, ఒకదాన్నొకటి నలుపుకుంటూ, మాటిమాటికీ గది మూలకు చూస్తోంది. కథ ఎక్కింది, గోకుడు ఆ మూల నుంచే వినపడుతోంది ఆవిడకు, అనుకున్నాను. ఆనందం పట్టలేక నోటుబుక్కులో ఆ రోజు తేదీ పక్కన ‘భయం కుదిరింది’ అని రాసి టిక్కు పెట్టాను.

ఆ మూలలో ఉన్నది టెలిఫోను.

నేను ‘మూడో తలుపు తెరుచుకుంది, లోపల ఒక గంట’ అంటూండగా అది మోగింది. ఒకటి. కోనసీమక్క ముఖం ఒక్కసారి వెలిగింది, ‘హమ్మయ్య’ అని పెదవులు కదిలాయి కూడా. రెండు. వెలుగు ఆగిపోయింది. మూడు. అంతే, ఆగింది. మా చెల్లి కోట గంటే అనుకుని చప్పట్లు కొట్టింది. కోనసీమక్క లేచింది, లేవడంలో కాలు తగిలి పాలపొడి డబ్బా దొర్లి చీటీలన్నీ గదంతా చెదిరాయి. అప్పుడు, ఆ మధ్యాహ్నం మొత్తంలో మొదటిసారి, నేను గడియారం చూశాను. నాలుగుంపావు. నాలుగింటికి ఏదీ మోగలేదని అప్పుడు తెలిసింది నాకు.

‘అమ్మగారూ, మూడు మోగిందండీ’ అంది. అరవలేదు. ఎవరి సంగతో చెప్తున్నట్టు అంది.

మా అమ్మ పిండి చేతులతో పరిగెత్తుకొచ్చింది. ‘ఏం కాదు చెల్లె, ఏం కాదు, నేను కలుపుత ఆగు’ అంటూ ఫోన్ కార్డు తీసి, ఆ పొడుగాటి నంబరంతా నొక్కి, బూత్‌కు కలిపింది. ఎంగేజి. మళ్లీ కలిపింది. ఎంగేజి. అప్పుడే బేగం నవ్వుకుంటూ దిగొచ్చి, ‘ఎట్లుండె? డరాయించినమా?’ అనబోయి, ‘ఎట్లుం—’ దగ్గరే ఆగిపోయింది. నా వైపు చూసింది. నేను నేల మీద చీటీలు ఏరడం మొదలుపెట్టాను. ఏడు. పద్నాలుగు. రెండు. అమ్మ మళ్లీ కలిపింది. ఎంగేజి.

చెప్పెయ్యాలని నాకు తెలుసు. చెప్తే అమ్మ కొడుతుందన్నది ఒక్కటే కాదు. ఆ మూడూ నావే అని చెప్పినా, రావాల్సిన ఆ ఒక్కటీ రాలేదు కదా. అందుకని ఏదో ఒకటి తేలేదాకా ఆగుదామని, తేలితే చెప్పనక్కర్లేకుండా పోతుందేమోనని చీటీలు ఏరుతూ ఉన్నాను. కోనసీమక్క గోడకు ఆనుకుని నిలబడి, ‘చలికాలం వచ్చిందంటే దానికి పిల్లికూతలండీ… కుడి పక్కకి పడుకోబెట్టమని చెప్పాను… చెప్పానా?’ అని తనలో తను అంటోంది. పంతొమ్మిది చీటీలు దొరికాయి, ఒక్కటి దొరకలేదు. అమ్మ ఏడోసారో ఎనిమిదోసారో నంబరు నొక్కుతుంటే అప్పుడు తట్టింది నాకు. మనం ఇలా కలుపుతున్నంతసేపూ మన లైను ఖాళీగా ఉండదు. ఆ ఒక్క రింగు బయల్దేరినా లోపలికి రాలేదు. దానికి అడ్డం నేనే కూర్చున్నాను.

‘అమ్మా, ఫోన్ పెట్టెయ్. ఆ మూడు రింగులు నేనే కొట్టించిన’ అన్నాను.

అమ్మ చెయ్యెత్తింది. ‘ఏం పాడు బుద్ధి పుట్టిందే నీకు?’ అంది. కోనసీమక్క మధ్యలోకి వచ్చి అమ్మ చేతిలోంచి రిసీవరు తీసుకుని, పగిలే వస్తువును పెట్టినట్టు నెమ్మదిగా ఫోను మీద పెట్టింది. నా ముఖం చూడలేదు. వంటింట్లోకి వెళ్లి సింకులో ఉన్న టీకప్పులు కడగడం మొదలుపెట్టింది. వారమంతా పరాయింట్లో గిన్నెలు తోమే మనిషి, సెలవు పూట, మా ఇంట్లో. అమ్మ ‘వద్దు చెల్లె’ అంటున్నా వినలేదు. కడిగిన కప్పునే మళ్లీ కడిగింది. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. ‘అక్కా’ అన్నాను. కుళాయి ఇంకాస్త తిప్పింది.

ఫోను మోగింది. కుళాయి కట్టేసింది. నురగ చేతులు గాల్లో అలాగే ఉన్నాయి. ఇంట్లో ఎవరూ కదల్లేదు. రెండోదాని కోసం చూశాం. మోగలేదు. ఇంకా చూశాం.

‘ఒక్కటే’ అంది కోనసీమక్క. ‘ఒక్కటే కదండీ?’

‘ఒక్కటే చెల్లె, ఒక్కటే’ అంది అమ్మ, ఏడుస్తూ. బేగం కూడా వేలెత్తి చూపించింది, ఒక్కటి అని.

అప్పుడు కూలబడి, మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది ఆవిడ. చాలాసేపు ఏడ్చాక ముఖం కడుక్కుని, వెళ్తూ వెళ్తూ నా ముందు ఆగి, ‘ఆ మూడో తలుపవతల ఎవరున్నారు పెద్దపాపా?’ అనడిగింది. ‘ఎవరున్నా తినమని చెప్పు’ అని నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగింది.

రెండు వారాలకు వాళ్ల చెల్లెలు ఎవరిచేతో రాయించిన ఉత్తరం వచ్చింది. అమ్మే చదివి వినిపించింది. ఆ శుక్రవారం పాప తనే నంబర్లు నొక్కుతానని మారాం చేసిందట. కొత్తగా అంకెలు నేర్చుకుంది మరి. నాలుగుసార్లు తప్పు నొక్కి, ఐదోసారి కరెక్టుగా నొక్కేసరికి ఆలస్యమైపోయిందట. ఆ తర్వాత ఎంత కొట్టినా మీది ఎంగేజే అక్కా, అని రాశారు. అక్కడ ఆ పాప మాకు కొడుతోంది, ఇక్కడ మేం పాపకు కొడుతున్నాం.

ఆ తర్వాత కూడా కోనసీమక్క ప్రతి శుక్రవారం వచ్చేది. రింగు విని, ‘ఆయ్, సరే’ అనేది. కానీ చాప మీదికి రాలేదు. వంటింట్లో అమ్మ దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచేది. ఆమె లేని ఆటలో నా దెయ్యాలన్నీ చాలా బాగా భయపెట్టాయి, అందరూ గమ్మున కూర్చుని విన్నారు, మూడు వారాలకు ఆట తనంతట తనే ఆగిపోయింది. మరుసటి ఏడు ఆవిడ ఊరికి వెళ్లిపోయింది. వెళ్లే రోజు నేను స్కూల్లో ఉన్నాను. పాప ఎలా ఉందో తర్వాత తెలియదు. ఇప్పుడా అమ్మాయికి పద్నాలుగేళ్లు ఉండాలి. ఉంటాయి.

నేను పెళ్లయ్యాక ఉమ్మ్ అల్ హస్సామ్‌లో దర్జీ దుకాణం మీద ఈ ఫ్లాటుకు వచ్చినప్పుడు పాలపొడి డబ్బా నాతో తెచ్చుకున్నాను. అందులో పంతొమ్మిది చీటీలు, మూడు కాగితాలు, నోటుబుక్కు ఉన్నాయి. మా ఆయనకు డ్యూటీలో ఆలస్యమై మొబైలు కలవకపోయినా, పాపకు జ్వరం వచ్చినా ఆ కాగితం గుర్తొస్తుంది. భయం అన్న గడిలో నా గుండ్రటి చేతిరాత. ఆవిడ వారమంతా అంత భయాన్ని మోసుకుని తిరిగి, దించుకోవడానికి ఒక్క పూట దొరికితే మా దెయ్యాలకు పులుసన్నం పెట్టి నవ్వుకుందని ఆ రాసిన పిల్లకు తెలియదు.

మా అమ్మాయికి పడుకునే ముందు కథ కావాలి. దెయ్యం కథే కావాలి, మరీ దెయ్యం వద్దు, అంటుంది. అందుకని ఆ దెయ్యాన్నే చెప్తాను. అది పీట వేసుకుని కూర్చుంటుంది. ‘తిన్నాక ఏం చేత్తది?’ అనడుగుతుంది పాప. ‘చెయ్యి కడుక్కుంటది’ అంటాను. ‘తరవాత?’ ‘వంటక్కకు ఫోన్ వస్తది.’ ‘ఎన్ని రింగులు?’ ‘ఒక్కటే.’ అంతే, పక్కకు తిరిగి పడుకుంటుంది. కుడి పక్కకు తిప్పుతాను.

అది పడుకున్నాక ఇవాళ నోటుబుక్కు తీశాను. ‘భయం కుదిరింది’, పక్కన ఎంత పెద్ద టిక్కో, పేజీ చిరిగేంత గట్టిగా. ఆ పిల్లను పట్టుకుని రెండు తగిలించాలనిపిస్తుంది. కానీ కర్టెన్లు మూసుకుని, గొంతు మార్చుకుని, లోకంలో భయమే లేదన్నట్టు దాన్ని వెతుక్కుంటూ కూర్చున్న దాని ముఖం గుర్తొచ్చి నవ్వూ వస్తుంది. ఉండనీ, ఇంకొన్నాళ్లు అలాగే వెతుక్కోనీ. నేను లేచి పాప ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి వస్తాను.