బట్టీలో కాల్చిన మా ఇంటి బిస్కెట్లు

మా మనవరాలు చేసిన బిస్కెట్లను బడిలో బల్ల మీది నుంచి తీసేశారు. అవి ఇంట్లో చేసినవి కావన్నారు. పళ్లెం మీద పాత పేపరు కప్పి, బీరువా పక్కన నేల మీద పెట్టారు. తోటి పిల్లలంతా తమ తమ పళ్లేల వెనక నిలబడి వచ్చిన పెద్దలకు రుచి చూపిస్తుంటే, ఆ పిల్ల ఖాళీ జాగా వెనక నిలబడింది.

సాయంత్రం ఇంటికొచ్చి సంచి కూడా దింపకుండా నా ముందుకొచ్చి, "తాతా, నేను అబద్ధం చెప్పినానని అనుకుంటాండారు టీచరమ్మ" అంది. బిస్కెట్లు పోతే మళ్లీ చేసుకుంటాం. ఎనిమిదేళ్ల పిల్ల నెత్తిన అబద్ధం రుద్దితే దాన్ని ఏ సబ్బు పెట్టి కడగాలి?

మాది ప్రొద్దుటూరు. కూతురి ఇల్లు మా వీధిలోనే. అల్లుడు కలమల్ల కరెంటు ప్లాంటుకూ, కూతురు జమ్మలమడుగులో ఆఫీసుకూ పోతారు గనుక బడి వదిలాక పిల్లలిద్దరూ మా ఇంట్లోనే ఉంటారు. మనవరాలి తర్వాత మనవడు. వాడికి ఐదేళ్లు, నోరు మాత్రం యాభై ఏళ్లది. నేను బడి గడప తొక్కినవాణ్ని కాదు. బొరుగులు కట్టిచ్చిన కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చాను. అందుకే కాగితం ఏది కనిపించినా వదలను. బిస్కెట్ ప్యాకెట్ల వెనక చీమల బారులా ఉండే అక్షరాలను కూడా భూతద్దం పెట్టి చదువుతాను. ఒకరోజు అట్లా చదివి, "ఇది బిస్కెట్టు కాదు, చక్కెరకు మైదా చొక్కా తొడిగినారు" అని ఇంట్లో ప్యాకెట్లు బందు పెట్టించాను. పిల్లలు నామీద యుద్ధం ప్రకటించారు. సరిగ్గా అప్పుడే బడిలో చెప్పారట, శనివారం నాడు మైదా, చక్కెర లేకుండా ఇంట్లో చేసిన తిండి ఏదైనా తెచ్చి, ఎట్లా చేశారో చెప్పాలని.

"బిస్కెట్లే చేస్తా. నువ్వే కదా వద్దన్యావు, నువ్వే చేయించు" అంది మనవరాలు.

ఫోనులో వీడియో ఒకటి చూశాం. కుక్కర్ అడుగున ఉప్పు పరిచి, గిన్నె పెట్టి, విజిల్ తీసేసి కాల్చమని అందులో ఒకామె నవ్వుతూ చెప్పింది. ఆమె నవ్వు చూసి నమ్మాం. మా ఇంటామె వంటింట్లోకి తొంగిచూసి, "ఏందప్పా, ఉప్పు ఉడకబెడతాండావా? కూరగాయలు అయిపోయినాయా?" అంది.

"అవ్వా, ఇది ఓవెను" అన్నాడు మనవడు.

కాసేపటికి తీసి చూస్తే పైన పచ్చి, కింద బొగ్గు, నడుమ బండ. మనవడు ఒకటి కొరికి, వెంటనే నోట్లో వేలు పెట్టుకుని పళ్లన్నీ ఉన్నాయో లేదో చూసుకున్నాడు. మా ఇంటామె ఒకటి తీసి గడప మీద కొట్టింది. గడపే మోగింది. "చిలమకూరికి పంపియ్యండి. సిమెంటు ఫ్యాక్టరీవాళ్లు కండ్లకద్దుకుంటారు" అంది. మనవరాలు ఏడవబోయి, ఆ మాటకు నవ్వి, నవ్వలేక ఎక్కిళ్లు తెచ్చుకుంది.

అప్పుడు నాకు బట్టీ గుర్తొచ్చింది. మా చిన్నప్పుడు ఏ ఇంట్లోనూ ఓవెన్ అనే మాటే లేదు. బిస్కెట్లు కావాలంటే మా అమ్మ ఇంట్లో పిండి కలిపి, ఒత్తి, రేకుల్లో పేర్చుకుని బజారులోని బట్టీకి తీసుకుపోయేది. ఇటుకలతో కట్టిన పెద్ద పొయ్యి అది. రొట్టెలు కాల్చడం అయిపోయాక మిగిలిన వేడిలో ఊరివాళ్ల రేకులు పెట్టేవాళ్లు. పిండి మనది, నెయ్యి మనది, చేతులు మనవి, నిప్పు ఒక్కటే వాళ్లది. వాటిని "మేం చేసుకున్న బిస్కెట్లు" అనే అంటాం ఇప్పటికీ. బట్టీలు ఒక్కొక్కటే మూతబడినా మా ఊళ్లో ఒకటి ఇంకా మండుతూనే ఉంది.

శుక్రవారం సాయంత్రం మా వంటిల్లు జాతరైంది. కొర్రపిండి, గోధుమపిండి, వేముల నుంచి మా బావమరిది పంపిన వేరుశనగలు వేయించి కొట్టిన పొడి, నెయ్యి, నువ్వులు. బెల్లం కరిగించి వడగట్టడం ఒక్కటే మా ఇంటామె చేసింది. మిగతాదంతా మనవరాలే. నన్ను పిండి మీద చెయ్యి కూడా వెయ్యనివ్వలేదు. "తాతా, నువ్వు ఊరికే చూడు. చూడ్డం కూడా దూరం నుంచి చూడు" అంది. పిండి చేతికి అంటుకుంటే కొర్రపిండి చల్లింది, పొడిబారితే నెయ్యి వేసింది, మళ్లీ అంటుకుంటే మళ్లీ చల్లింది. ఇట్లా ముద్ద పెరిగి పెరిగి పెండ్లికి సరిపడేంత అయింది. అవ్వది పాత చేతిగాజు ఒకటి కడిగి తెచ్చుకుని, దానితో గుండ్రంగా కోసింది. ఒక్కోదాని నడుమ బొటనవేలితో నొక్కి, ఆ గుంటలో నువ్వులు పోసింది.

మనవడు తన వాటా ముద్దతో బల్లిని చేశాడు. తర్వాత నా మీసం చేశాడు. "ఇట్లుంటాదా నా మీసం?" అంటే, "నీది ఇంకా వంకర. పిండి సరిపోలా" అన్నాడు. దూరంగా నిలబడిన నాతో సహా ముగ్గురం నెత్తి నుంచి పాదాల దాకా తెల్లగా అయిపోయాం. నాకైతే తలా మీసమూ ముందే తెలుపు కాబట్టి నష్టం తక్కువ.

రేకు నెత్తిన పెట్టుకుని నేను ముందు, పిల్లలు వెనక, ఊరేగింపుగా బయల్దేరాం. అరుగు మీద కూర్చున్నాయన, "ఏం మామా, యాడికి? పెండ్లా?" అన్నాడు.

"పెండ్లి కాదు, బిస్కెట్లు!" అని పిల్లలిద్దరూ ఒకేసారి అరిచారు.

బట్టీ భాయ్ రేకు అందుకుని బల్లి దగ్గర ఆగిపోయాడు. "ఏంది మామా ఇది, మొసలా?"

"బల్లి!" అన్నాడు మనవడు, శానా కోపంగా.

"అట్లనా? అయితే దీన్ని ఒక మూలకు పెడతా సామీ. లేకుంటే లోపల పక్కోళ్ల బిస్కెట్లు తినేస్తాది."

మనవడు నమ్మేశాడు. బిస్కెట్లు బయటికి వచ్చేదాకా బట్టీ నోటి వైపు రెప్ప వాల్చకుండా కాపలా కాశాడు. బెల్లం, నెయ్యి కలిసి కాలే వాసనకు దారిన పోయేవాళ్లు బండ్లు ఆపి ముక్కులు ఎగబీల్చారు. బడికి కావలసినవి పక్కన పెట్టి, మిగిలినవి దారిలో చల్లారక ముందే తినేశాం, నాలుకలు కాల్చుకున్నాం, ఊదుకుంటూ మళ్లీ తిన్నాం. మనవడు బల్లిని తోక నుంచి మొదలుపెట్టాడు. "తోకయితే మళ్లీ మొలుస్తాది కదా" అన్నాడు.

శనివారం బడిలో టీచరమ్మ ఎట్లా చేశావని అడిగితే, మనవరాలు కొర్రపిండి నుంచి గాజు దాకా అంతా చెప్పి, చివరికి అన్నిటికన్నా గొప్పగా, "బట్టీలో కాల్పించినాం" అంది. ఆ టీచరమ్మ కోస్తా నుంచి కొత్తగా వచ్చింది, చిన్న వయసు. బట్టీ అంటే బేకరీ అనుకుంది. బయట చేయించిన వాటిని తనే చేశానంటోందని పళ్లెం తీయించింది.

సోమవారం పొద్దున్నే నేను బడికి పోయి బట్టీ సంగతంతా చెప్పాను.

"గట్టిగా అరవకండి తాతగారూ" అంది టీచరమ్మ.

"అరవడం లేదమ్మా. మా మాటే ఇంత. అరిస్తే ఇంకోలా ఉంటాది."

"కాల్చింది వేరేవాళ్లు కదండీ. ఇంట్లో చేసినవి అని ఎలా అంటాం?"

"మీ ఇంట్లో రొట్టెకు పిండి యాడ పట్టిస్తారమ్మా? మిషన్‌లోనే కదా? అట్లయితే ఆ రొట్టె మిషనోడు చేసినట్టా? నిప్పుల గుంటలోకి పిల్లే దూరి కాల్చుకోవాల్నా ఏంది?"

ఆమె ముఖం ఎర్రబడింది. ఆలోచించి చెబుతానంది.

అట్లా ఆలోచిస్తూనే ఉంది. నేను రోజూ పిల్లలను దింపే వంకతో గేటు దగ్గర నిలబడి, "ఏమన్నా తేలిందా అమ్మా?" అనేవాణ్ని. "కనుక్కుంటున్నానండి" అనేది. ఎవరిని కనుక్కుంటుందో! మా ఇంటామె, "ఆ గేటుకాడనే వాచ్‌మన్‌గా చేరు. టోపీ అన్నా ఇస్తారు" అంది. పులివెందులలో ఒక పెండ్లికి పోతే అక్కడా ఇదే చెప్పాను. తలంబ్రాలు జరుగుతుంటే కూడా ఆపలేదు. పెండ్లికొడుకు తండ్రి అక్షింతలు పట్టుకుని, "అంటే బట్టీకి పోయినా ఇంటివే కదా మామా?" అన్నాడు. ఊరు ఊరంతా నా వైపే. కానీ మనవరాలు వంటింటి వైపు రావడం మానేసింది. తమ్ముడు పిండి అడిగితే, "మనం చేస్తే మనం చేసినట్టు కాదంట లేరా" అంది.

ఒక పొద్దున గేటు దగ్గర నేను నోరు తెరవకముందే టీచరమ్మ ఎదురొచ్చింది. చేతిలో స్టీలు డబ్బా. మనవరాలు నా పంచె పట్టుకుని వెనక దాక్కుంది. టీచరమ్మ నన్ను చూసి మొదలుపెట్టి, వంగి ఆ పిల్లను చూస్తూ ముగించింది:

"నిన్న నేనే పిండి కలుపుకుని ఆ బట్టీకి వెళ్లానండి తాతగారూ. వరుసలో ఉన్న ఆడవాళ్లంతా, నీవి ఏం పిండమ్మా, నెయ్యి ఎంత వేశావమ్మా అని నన్నే అడిగారు. ఒక్కరు కూడా బట్టీ ఆయన్ని అడగలేదు. అప్పుడు తెలిసింది నాకు. నువ్వు అబద్ధం చెప్పలేదు తల్లీ, నాకే తెలియలేదు. ఈ మాట ఇప్పుడు ప్రార్థనలో అందరి ముందూ చెబుతాను, తాతయ్యను కూడా వచ్చి వినమను. ఆ తర్వాత ఈ డబ్బా తెరిచి చూద్దువుగాని. నావన్నీ పొడైపోయాయి, ఎందుకలా అయ్యాయో నువ్వే నాకు చెప్పాలి."