బావ జీపుకు పైపులు

కరోనాకు సూరత్‌ల బట్టలు నేసే సాంచలు బందైనప్పుడు మా బావకు రెండే పనులు మిగిలినయ్. తినుడు, ఫోన్ల జీపుల వీడియోలు చూసుడు. సాంచలు మళ్ల నడిచినంక కిమ్ దిక్కు మూతవడ్డ ఓ కార్ఖానల పడున్న పాత జీపును పట్టుకొచ్చిండు. దానికి పైకప్పు లేదు, డోర్లు లేవు. డుమస్ సముద్రం ఒడ్డు ఇసుకల ఉరికిస్తడట. నేను అక్కావాళ్లింట్లనే ఉండి పర్వత్ పాటియా దిక్కు బట్టల మార్కెట్ల పనికి పోయేదాన్ని. మరదల్ని గాబట్టి బావను ఆటపట్టించుడు నా హక్కు. అదొక్కటి లాక్‌డౌన్‌ల గూడ బందు కాలేదు.

అక్క జీపు చుట్టు తిరిగి చూసి, ఇది బోర్లవడితే ఏంది గతి అని అడిగింది. ఆమెకు మూడేండ్ల బిడ్డ. పైన ఇనుప పైపులు కొట్టిస్తెనే బిడ్డను ఎక్కిస్త, లేకుంటే లేదని తెగేసి చెప్పింది. బావ గయ్యిమన్నడు. పైపులు పెడితే జీపు కోళ్లగూడు లెక్క అయితదట. ఇసుక మెత్తగుంటది గాబట్టి బోర్లవడ్డా ఏం గాదట. నాకైతే ఆయన స్కూటర్ మీద స్పీడ్ బ్రేకర్లు దుంకుడు తెలుసు. పైపులు కావాల్నా వద్దా అని జీపును చూసుడెందుకు, నడిపేటోన్ని చూస్తె సాలదా అన్న.

కొన్ని దినాలకు జీపు మీద నల్లటి పైపులు లేచినయ్. అక్క మురిసిపోయి బగారన్నం వండింది. నేను పోయి పైపు మీద గోటితోని కొట్టిన. ఇనుమైతే ఖంగుమనాలె, ఇది టప్పుమన్నది. ఇంకేముంది, దొరికిండు. పొద్దుందాక మార్కెట్ల నా చేతులు పట్టుకునేటియి అవే, బట్టల థాన్లు చుట్టే గత్త పైపులు, ఉత్త అట్ట గొట్టాలు. బావ వాటిని తాళ్లతోని బిగించి నల్లరంగు పూసిండు. అంత కష్టం అక్క నోరు మూపించేటందుకే.

నేను అక్కకు చెప్పలేదు. చెప్తే లొల్లి ఒక్క పూటల అయిపోతది. పండుగ పూజ కాకముందు బిడ్డను ఎక్కియ్యొద్దని మాత్రం అక్క చెవుల వేసిన.

దస్రా పొద్దున మావోళ్లు సాంచలు తుడిచి, బండ్లు కడిగి బంతిపూలు కడ్తరు. బావ టైర్లు కడిగి, పైన తడిబట్టతోని తుడిస్తె సాలు, నీళ్లు పోస్తె తుప్పువడ్తది అన్నడు. పండుగ పూట బండికి తానం పొయ్యకుంటె ఎట్ల బావా అనుకుంట నేను బకెట్ల మీద బకెట్లు కుమ్మరించిన. నల్లనీళ్లు సీట్ల మీదికి కారినయ్. అక్క బంతిపూల దండ తెచ్చి పైపుకు ముడేసిందో లేదో, ఆ పైపు నడుమ వంగి మెల్లగ జారి స్టీరింగ్ మీద కూలవడ్డది. నవ్వి నవ్వి నాకు కడుపు నొచ్చింది. బావ గూడ నవ్విండు, ఇంకేం చేస్తడు.

అక్క నవ్వలేదు. నానిన గత్తను చేతిల పిసుక్కుంట నిలవడ్డది. కరోనా ఏడాదంత ఆమె కొత్తిమీర గూడ ఉప్పునీళ్లల్ల కడిగింది, బిడ్డను గడప దాటనియ్యలేదు.

"గా రోగం నుంచి దాసుకున్న బిడ్డను గీ గత్త కింద కూసోబెడ్తవా?" అన్నది. గొంతు గూడ పెంచలేదు. నాకు నిజంగ భయమైంది. బావ స్టీరింగ్ మీది గత్త ముక్కలు ఏరుడు వెట్టిండు.

పండుగ దాటంగనే పోయి ఇనుప పైపులు వెల్డింగ్ చేపిచ్చుకొచ్చిండు. అక్క ఆయన మాట నమ్మలేదు. కొంగు నడుముకు దోపి, పైపును రెండు చేతుల పట్టుకోని, కాళ్లు లేపి వేలాడింది. అటు ఇటు ఊగింది. జీపు కిర్రుమన్నది గని పైపు కదలలేదు. ఇగ సాలు, దిగు అని బావ బతిమాలిండు.

"నువ్వు గూడ పట్టుకో" అన్నది.

గల్లీల ఆడోళ్లంత చూస్తుంటే మా బావ పోయి పెళ్లాం పక్కన వేలాడిండు. అక్క దిగి, ఆయన్ని జరసేపు అట్లనే ఉంచి, అప్పుడు ఇంట్లకు పోయి బిడ్డను ఎత్తుకొచ్చింది.