ఆ రోజు వ్యానులో చాచా లేడు

మా టాకీసుకు ఇరవై ఏళ్లు మైకులో ప్రచారం చేసిన చాచా మొన్న బుధవారం గోదావరిఖనిలో కన్నుమూశాడు. ఆ కబురు నాకు పేపరు చూస్తే తెలిసింది. జిల్లా పేజీలో ఓ మూలన నాలుగు లైన్లు వేశారు. మూడో లైనులో ఏం రాశారో చూడండి: ‘గని ప్రమాదం జరిగిన రోజు ఆసుపత్రి ముందు సినిమా ప్రచారం చేసి కార్మికుల ఆగ్రహానికి గురయ్యారు.’ చదవగానే ఒళ్లు మండిపోయింది. మనిషికి మట్టి ఇచ్చి రెండు రోజులు కాలేదు. ఆయన చెయ్యని తప్పును అచ్చేసి ఇంటింటికీ పంచారు.

పేపరు పట్టుకుని ఆ వార్త రాసిన విలేకరి ఇంటికి వెళ్లాను.

“అందరికి తెల్సిన ముచ్చటే గదక్కా,” అన్నాడు తాపీగా.

“అందరు అనుకుంటే నిజమైతదా?”

“అచ్చయింది గద, ఇగ ఏం జేస్తం?”

ఇంకో ఇద్దరు పెద్దమనుషులు కూడా అదే పాట. “మంచోడే పాపం, గా ఒక్క తప్పు జెయ్యకుంటే ఎంత బాగుండు,” అన్నారు. తప్పట! నేను ఆ టాకీసులో ఆడవాళ్ల టికెట్ల కౌంటరులో కూర్చునేదాన్ని. ఆ రోజు ఏం జరిగిందో నా కళ్లతో చూశాను. మీరు అచ్చేసింది మీరు అచ్చేశారు, నేను చూసింది నేను రాస్తాను.

చాచా రిక్షా వెనక పెద్ద హారను, ఒళ్లో బ్యాటరీ, చేతిలో మైకు. కొత్త బొమ్మ వచ్చిందంటే బస్తీలన్నీ, క్వార్టర్లన్నీ తిరిగేవాడు. ఏ లైనులో ఎవరు రాత్రి షిఫ్టు చేసొచ్చి పడుకున్నారో ఆయనకు తెలుసు. ఆ లైను రాగానే మైకు కట్టేసి, రిక్షా దిగి, గుమ్మం గుమ్మానికీ గులాబీ రంగు కాగితాలు ఇచ్చుకుంటూ నడిచేవాడు. ఎందుకింత తిప్పలని నేనడిగితే, “నిద్ర చెడగొట్టి పిలిస్తే బొమ్మకొస్తడా బేటీ? కట్టె పట్టుకొని నా మీదికొస్తడు,” అని నవ్వాడు.

ఉన్నది ఉన్నట్టు చెప్పడం ఆయన పద్ధతి. ఒకసారి ఓ ఏడుపు సినిమా వచ్చింది. “ఆడబిడ్డలూ, కథ అంతంత మాత్రమే. కని ఇంటర్వెల్ అయినంక ఏడుపాగదు. తలా రెండు దస్తీలు తెచ్చుకోండ్రి!” అని ఊరంతా చెప్పి వచ్చాడు. మా సేటు నెత్తి పట్టుకున్నాడు. “అంతంత మాత్రమని నువ్వే జెప్తే ఎవరొస్తరయా?” అన్నాడు. ఎవరొచ్చారా? మూడు వారాలు నా కౌంటరు ముందు నిలబడడానికి సందు లేదు. కిటికీ దగ్గరికి వచ్చిన అవ్వలు టికెట్టు అడగకముందే దస్తీలు చూపించి నవ్వేవాళ్లు.

“బొమ్మ నచ్చకపోతే జనం బొమ్మను తిడ్తరు. మనం అబద్ధం జెప్తే మనల్ని తిడ్తరు,” అనేవాడు చాచా. “బొమ్మ వారానికి పోతది. మనం ఈడనే ఉండాలె గద.”

ఆయన మాటకు అంత విలువ ఉండేది. కొత్త బొమ్మ గోడ మీద పడితే ఆడవాళ్లు ఆ పోస్టరు చూసి ఊరుకునేవాళ్లు కాదు, “చాచా ఏమన్నడు?” అని నన్ను అడిగేవాళ్లు.

ఇంకో అలవాటు ఉండేది. చుట్టుపక్కల ఏ గనిలోనైనా మనిషి పోయాడని తెలిస్తే చాలు, ఎక్కడ ఉంటే అక్కడే మైకు ఆపేసేవాడు. హారను విప్పి, సీటు మీద బోర్లించి, రిక్షాను ఇంటికి తిప్పించేవాడు. ఎవరో పెట్టిన రూలు కాదు. బోర్లించిన హారను చూసి దుకాణాల వాళ్లు బయటికొచ్చి “ఏ గనిల?” అని మెల్లగా అడిగేవాళ్లు. మట్టి అయ్యేదాకా మైకు మోగేది కాదు. ఆ రోజుల్లో మా హాలు సగం ఖాళీగా నడిచినా సేటు కూడా నోరెత్తేవాడు కాదు.

తొంభైల మొదట్లో ఓ నవ్వుల సినిమాతో పాటు డిస్ట్రిబ్యూటరు ఆఫీసు నుంచి పబ్లిసిటీ మేనేజరొకడు దిగాడు. సఫారీ సూటు, సొంత వ్యాను, దాని మీద రెండు హారన్లు, లోపల టేపురికార్డరు. ప్రజాసంబంధాల్లో పెద్ద కోర్సు చేశాడట. మహానుభావుడు!

“రోజంతా గొంతు చించుకోవడం ఎందుకు? నీ మాటలు ఒక్కసారి రికార్డు చేస్తే వ్యానే ఊరంతా తిరుగుతుంది,” అన్నాడు చాచాతో.

“టేపుకు కండ్లుండయి సాబ్. ఎవరింటి ముందటున్నమో దానికేం ఎర్క?” అన్నాడు చాచా.

మేనేజరు నవ్వాడు. సేటు కానియ్యమని సైగ చేశాడు. గురువారం సాయంత్రం ఆఫీసు గదిలో కూర్చుని చాచా తన మాటలన్నీ టేపులోకి చెప్పాడు. తిప్పి వినిపిస్తే మురిసిపోయాడు. “యా అల్లా! నా గొంతు గింత మంచిగుంటదా?” అని నన్ను పిలిచి మరీ వినిపించాడు. ఆ క్షణంలో ఆయన ముఖం చిన్నపిల్లాడి ముఖంలా ఉంది.

తెల్లారి శుక్రవారం. మొదటి షిఫ్టులో గనిలో పైకప్పు కూలి ఓ కుర్ర కార్మికుడు పోయాడు. కబురు వినగానే చాచా టాకీసుకు ఉరికొచ్చాడు. వ్యాను బయల్దేరుతోంది. తలుపు పట్టుకుని వేలాడాడు.

“సాబ్, ఇయ్యాల వద్దు. ఊర్ల పొయ్యి ముట్టియ్యరు. నా టేపు నాకియ్యుండ్రి.”

“మీ ఊళ్లో చావులకు ఆగితే ఇక సినిమా ఎప్పుడాడాలి? పక్కకు జరుగు,” అని మేనేజరు ఆయన చెయ్యి విదిలించాడు. నేను కౌంటరు కిటికీలోంచి చూస్తున్నాను. చాచా సైకిలెక్కి వెంటపడ్డాడు, అందుకోలేకపోయాడు.

ఆ వ్యాను నేరుగా దవాఖాన గేటు ముందుకు పోయిందని తర్వాత తెలిసింది. లోపల శవం ఉంది. బయట చుట్టాలు, దోస్తులు నేల మీద పడి ఏడుస్తున్నారు. వాళ్ల నెత్తి మీద చాచా గొంతు మోగింది: “రాండ్రి రాండ్రి, నవ్వలేక పొట్ట చెక్కలైతది!” రాళ్లు పడ్డాయి. పడవా మరి? మేనేజరు వ్యానుతో సహా అటునుంచి అటే హైదరాబాదు చెక్కేశాడు. ఊరందరి చెవుల్లో మిగిలింది ఆ గొంతు ఒక్కటే.

కార్మికులు మా హాలు గడప తొక్కబోమని ఒట్టు పెట్టుకున్నారు. పది రోజులు కుర్చీలకు సినిమా చూపించాం. అప్పుడు సేటు అందరినీ పిలిచి కూర్చోబెట్టాడు.

“ఆ మేనేజరు పేరు బయటపెడితే రేపటి నుంచి మనకు బొమ్మలియ్యరు. జనం కూడ మనోడైతేనే మాఫ్ చేస్తరు. నేనే చేసిన అని ఒక్క మాట జెప్పు చాచా.”

ఎంత తెలివి! తప్పు చేసినవాడి పేరు దాచి, అడ్డుపడినవాడి మెడకు కట్టడం. దీన్నే వాళ్లు ప్రచారం అంటారు కాబోలు. చాచా మా అందరి ముఖాలూ చూశాడు. గేటు మనుషులు, ఆపరేటరు, క్యాంటీను వాళ్లు, నేను. ఒక్కరమూ నోరు విప్పలేదు. నేనైతే టికెట్ల పుస్తకం మీంచి కళ్లెత్తలేదు. ఇవాళ నా కోపంలో సగం నా మీదే.

“సరే సేటు,” అన్నాడు చాచా.

మర్నాడు షిఫ్టు మారే వేళ గని గేటు ముందు ఆయన మైకులో తప్పు ఒప్పుకున్నాడు. ఒట్టు తీసేశారు, హాలు నిండింది. ఆయన గొంతు వింటే జనానికి ఆ రోజు గుర్తొస్తుందని సేటు మైకు లాక్కుని మైదా లై డబ్బా చేతికిచ్చాడు. ఆ తర్వాత చాచా తెల్లవారుజామున గోడలకు పోస్టర్లు అంటిస్తూ బతికాడు. ఎదురుపడిన వాళ్లు కొందరు ముఖం తిప్పుకునేవాళ్లు. ఆయన మాత్రం వాళ్లకు సలాం పెట్టేవాడు. నేనూ నోరు మూసుకునే జీతం తీసుకున్నాను.

గని గేటు దగ్గర ఆయన తప్పు ఒప్పుకున్న రోజు ఏం జరిగిందో పేపరు వాళ్లకు తెలియదు. చేతులు కట్టుకుని నిలబడమని సేటు మమ్మల్ని కూడా పంపాడు. చాచాకు రెండడుగుల దూరంలో ఉన్నాను. పైకొచ్చిన కార్మికులు బొగ్గు ముఖాలతో చుట్టూ నిలబడి వింటున్నారు. “తప్పయింది అన్నా, మాఫ్ చెయ్యుండ్రి,” అని చాచా అంటుండగా, పోయిన కుర్రాడి తల్లి గుంపును తోసుకుని ముందుకొచ్చింది. కొడుకు కాగితాల పని మీద గని ఆఫీసుకు వచ్చిందట. నేరుగా ఆయన ముందుకొచ్చి నిలబడింది.

“నువ్వెందుకు తప్పంటున్నవ్ బిడ్డా? గొంతు నీదే గానీ, వ్యాన్ల నువ్వు లేకుంటివి. నేను దవాఖాన గేటుకాన్నే ఉన్న, సూసిన.”

చాచా గభాలున మైకు మూతికి అరచెయ్యి అడ్డం పెట్టాడు.

“మెల్లగ అవ్వా,” అన్నాడు. “టాకీసు మీద ఇరవై ఇండ్లు బతుకుతున్నయి.”

ఆమె తల అడ్డంగా ఊపుతూ మళ్లీ మళ్లీ అదే మాట చెబుతోంది. వెనకున్న వాళ్లు “ఏమంటాంది, ఏమంటాంది?” అని మెడలు చాస్తున్నారు. ఆమె చెప్పినంతసేపూ చాచా ఆ చెయ్యి మైకు మీంచి తియ్యలేదు.