చీకట్లో పెట్టిన నీలం

నా చిన్నప్పుడు గుడియాత్తంలో మా తాతయ్య నిద్ర లేస్తూనే ఆకాశం చూసేవాడు. ఆయన కట్టుబడి మేస్త్రి. గోడలు లేపడం ఒక పనైతే, ఇంటి ప్లానులకు నీలం నకళ్లు తీయడం రెండో పని. ఆ నకలు తీయాలంటే ఎండ కావాలి. మబ్బు పట్టిందంటే ఆయనకు చిరాకు, ఎదురుపడ్డవాళ్లకు తిట్లు.

పచ్చటి పొడి ఒకటి, ఎర్రటి పలుకులు ఒకటి విడివిడిగా నీళ్లలో కరిగించేవాడు. తలుపులు మూసిన గదిలో రెండూ కలిపి కాగితానికి కుంచెతో పూసేవాడు. అది ఆరాక, పలచటి కాగితం మీద గీసిన ప్లానును దానిపైన పరిచి, అద్దం బిగించి ఎండలో పెట్టేవాడు. తర్వాత నీళ్లలో కడిగితే ఎండ తగిలిన చోటు నీలంగా మిగిలేది, గీతలు అడ్డుపడిన చోటు తెల్లగా ఉండేది. సున్నం తగిలితే మాత్రం ఆ నీలం చచ్చిపోతుంది. ఆయనేమో రోజంతా సున్నంలో చేతులు పెట్టే మనిషి. అందుకని కాగితం ముట్టుకునే ముందు చింతపండు పులుసుతో గోళ్లదాకా రుద్ది కడిగేవాడు. ఇంట్లో చారుకన్నా మామ చేతులకే చింతపండు ఎక్కువ పడుతోందని మా అమ్మ ఆటపట్టించేది.

నాకు ఏడేళ్లప్పుడు అమ్మకు దగ్గు ముదిరి వేలూరు ఆసుపత్రిలో చేర్చారు. ఆ వార్డులోకి పిల్లల్ని రానివ్వరు. నాన్న పనిమీద బెంగుళూరులో ఉండేవాడు. ఇంట్లో మిగిలింది తాతయ్యా నేనూ. ఆయన పనికి పోతే నేనొక్కదాన్నే. బడి నుంచి వచ్చి, అమ్మ వంటింట్లో ఉన్నట్టే గట్టిగా బడి కబుర్లు చెప్పేదాన్ని. చెప్పడం అయిపోయాక ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉండేదో ఇప్పటికీ నాకు తెలుసు.

ఉత్తరం రాద్దామంటే అమ్మకు చదువు రాదు. ఇంట్లో ఆమె ఫొటో ఒక్కటి కూడా లేదు. కొన్నాళ్లకు అమ్మ ముఖం నాకు సరిగా గుర్తు రావడం మానేసింది. కళ్లు గుర్తొస్తే నోరు గుర్తొచ్చేది కాదు. అలా మొత్తం మరిచిపోతానేమోనని వణికిపోయేదాన్ని, కానీ ఎవరికీ చెప్పలేదు.

ఒక ఆదివారం తాతయ్య వేలూరు బయలుదేరుతూ ఏం తేవాలని అడిగాడు.

"అమ్మను పిల్చుకోని రా తాతా" అన్నాను.

ఆయన పెరట్లోకి పోయి చింతపండు నానేసి చేతులు కడుక్కున్నాడు. పనిలేని రోజున ఆ కడుగుడు ఎందుకో నాకు అర్థం కాలేదు.

సాయంత్రం బస్సు దిగి వచ్చినప్పుడు ఆయన చంకలో, వెలుతురు తగలకుండా పాత గొడుగుగుడ్డ చుట్టిన అట్ట ఉంది. తలుపులు మూసి, తొట్టినిండా నీళ్లు పోసి, లోపలి కాగితాన్ని నా చేతికిచ్చాడు.

"నువ్వే కడుగు. మెల్లిగా, చినిగిపోతాది."

పసుపురంగు నీళ్లు కారిపోయాయి. నీలం మధ్యలో తెల్లగా ఒక చెయ్యి తేలింది. ఆసుపత్రి వరండాలో ఎండ పడే చోట అమ్మ తన అరచెయ్యి కాగితం మీద ఆనించిందట. మణికట్టు దగ్గర గాజుల నీడలు సన్నగా పడ్డాయి. చిటికెనవేలు మాత్రం రెండుగా చెదిరింది.

"దగ్గొచ్చి కదిలింది. ఇంగోటి తీద్దామంటే వద్దనింది, అలిసిపోయినాది" అన్నాడు తాతయ్య.

నా చెయ్యి అందులో పెట్టి చూసుకున్నాను. చుట్టూ ఇంకా అమ్మ చెయ్యి తెల్లగా మిగిలే ఉంది. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

మర్నాడే దాన్ని గంజితో కిటికీ పక్కన చెక్కకు అంటించాను. తిన్నా చదివినా దాని ముందే. మధ్యాహ్నమైతే ఎండ నేరుగా దానిమీద పడేది. రోజులు గడిచేకొద్దీ నీలం వెలిసిపోయి, చెయ్యి చుట్టుపక్కలతో కలిసిపోవడం మొదలుపెట్టింది. ఒక సాయంత్రం తాతయ్య వచ్చేసరికి నేను వాకిట్లో కూర్చుని ఏడుస్తున్నాను.

"తాతా, అమ్మ పోతా ఉండాది."

ఆయన లోపలికి పోయి, తడిగుడ్డతో అంచులు నానబెట్టి కాగితాన్ని చినగకుండా ఊడదీశాడు. అది ఆరాక ట్రంకుపెట్టెలో అమ్మ చీరల కింద పెట్టాడు.

"ఎండలో పెట్టుకోని అదే పనిగా చూస్తా ఉంటే వెలిసిపోతాది. చీకట్లో పెడితే నీలం తిరిగొస్తాది. నేను చెప్పేదాకా తెరవాకు."

"అమ్మ కూడా తిరిగొస్తాదా?"

ఆయన పెట్టె మూత మీద చెయ్యి ఆనించి నా పక్కనే కూర్చున్నాడు.

"నీలం సంగతి నాకు తెలుసు పాపా. మీ అమ్మ సంగతి నాకు తెలీదు."

వీధిలో అందరూ రేపో మాపో అమ్మ వచ్చేస్తుందనే చెప్పేవాళ్లు. వాళ్ల మాట నేను నమ్మలేదు. తెలీదన్న మనిషి మాట నమ్మాను. నమ్మినట్టే, కొన్నాళ్లకు ఆయన పెట్టె తెరిస్తే నీలం తిరిగి వచ్చింది. చెదిరిన చిటికెనవేలు కూడా ఉన్నదున్నట్టు కనిపించింది.

అమ్మ రాలేదు. వానలు మొదలయ్యే ముందు ఆ ఆసుపత్రిలోనే పోయింది. రేపో మాపో అన్నవాళ్ల ముఖం చూడబుద్ధి కాలేదు నాకు. తాతయ్య పక్కన మాత్రం కూర్చోగలిగాను.

ఇప్పుడు నేను వేలూరులోనే ఒక్కదాన్నే ఉంటున్నాను. మేడమీద గదిలో అద్దెకుండే కాలేజీ పిల్ల అప్పుడప్పుడూ తలుపు తడుతుంది. ఆ చప్పుడు కోసం నేను చెవులు రిక్కించుకుని ఉంటానని దానికి తెలియదు. మొన్న ఒక నల్లకవరు, చిన్న కరెంటు దీపం పట్టుకుని వచ్చింది. నీలం బొమ్మలు నేర్చుకుంటోందట. మందు పూసిన కాగితాలు కవరులోనే వస్తాయట. ఎండతో పని లేదు, ఆ దీపం చాలు. కడిగిన నీళ్లలో ఏవో రెండు చుక్కలు వేస్తే చిక్కటి నీలం అప్పటికప్పుడే తేలుతుంది. మాకైతే అది ముదరడానికి మర్నాటిదాకా పట్టేది.

కొత్తగా నేర్చుకునేవాళ్లకు పాతపద్ధతి మంచిదా, ఇది మంచిదా అని అడిగింది. ముందు ఇదే మంచిదన్నాను. దీపం ఏ రోజైనా ఒకేలా వెలుగుతుంది, చెయ్యి కుదురుతుంది. ఆ తర్వాత ఒక్కసారైనా నీ చేత్తో మందు కలిపి, పూసి, ఎండలో పెట్టి చూడు, మబ్బు వస్తే ఎంత కోపం వస్తుందో తెలుస్తుంది అన్నాను. పాతదైనా కొత్తదైనా సున్నానికీ సబ్బుకీ దూరంగా ఉంచమని, వెలిసిపోతే చీకట్లో దాచమని కూడా చెప్పాను.

"నీ చెయ్యి పెట్టవ్వా, తీస్తాను" అంది.

పెట్టాను. ఈ వయసులో చెయ్యి నిలుస్తుందా? కడిగి చూస్తే ఐదు వేళ్లూ రెండేసిగా చెదిరాయి.

"అయ్యో, కదిలిపోయిందవ్వా. ఇంగోటి తీద్దామా?"

వద్దన్నాను.

పిల్ల వెళ్లాక ట్రంకుపెట్టె తెరిచి అమ్మ చేతిని బయటికి తీశాను. నా చెయ్యి అందులో పెట్టి చూస్తే ఇప్పుడు తెలుపు ఎక్కడా మిగలడం లేదు. ఎప్పటిలాగే కాసేపే చూశాను. ఇన్నేళ్లూ అలా చూసి దాచుకోబట్టే ఆ చెయ్యి నాకు మిగిలింది. మూత వేసేముందు నా కాగితాన్ని దానిమీద బోర్లించాను, అరచెయ్యికి అరచెయ్యి ఆనేలా.