మైకెక్కిన మహాలక్ష్మమ్మ కేక

పెళ్లయిన కొత్తలోనే మహాలక్ష్మమ్మ చేపల గంప నెత్తికెత్తుకుంది. పాలకాయతిప్ప దగ్గర పడవలు ఒడ్డుకు రాగానే చేపలు కొనుక్కుని, కోడూరు చుట్టుపక్కల ఊళ్లన్నీ నడిచి తిరిగేది. "చేపలమ్మో, చేపలూ" అని చివర సాగదీస్తూ ఆమె వేసే కేక వీధి మొదట్లో వినబడితే, వీధి చివరింటి ఆడవాళ్లు గిన్నె తీసి పెట్టుకునేవారు.

మోకాళ్లు అరిగిపోయాయని అవనిగడ్డ డాక్టరు చెప్పాక గంప దించక తప్పలేదు. కొడుకు సత్తిబాబు కోడూరు సెంటరుకి కాస్త ఇవతల ఒక రేకుల కొట్టు అద్దెకు తీసుకున్నాడు. అతను వేటకెళ్లి తెచ్చిన చేపల్ని తల్లీ, భార్య భార్గవీ కొట్లో కూర్చుని అమ్మేవారు.

కానీ కొనేవాళ్లే కరువయ్యారు. ఇన్నేళ్లూ మహాలక్ష్మమ్మే జనం గుమ్మాల్లోకి వెళ్లింది. ఇప్పుడామె ఎక్కడుందో చాలామందికి తెలియదు. ఒంట్లో బాగాలేక మానేసింది కాబోలు అనుకున్నారు.

భార్గవి పొద్దున్నే చేపల ఫొటోలు తీసి వాట్సాప్ స్టేటస్‌లో, ఫేస్‌బుక్‌లో పెట్టసాగింది. గుడివాడ, ముదినేపల్లి వైపు చెరువు చేపలు తిని విసుగెత్తిన వాళ్లు కొందరు ఫోన్ చేశారు. ఐసు వేసి బస్సులో పంపితే తీసుకున్నారు. పక్క ఊళ్ల నుంచి మాత్రం ఒక్కరూ రాలేదు.

అప్పుడు ఏడుకొండల్ని పిలిచారు. ఆటోకి మైకు కట్టి ఊరూరా ప్రచారం చెయ్యడం అతని పని. ఎవరో మగమనిషి గంభీరంగా చదివిన ప్రకటన ఒకటి రికార్డు చేయించి తిప్పాడు. బట్టల షాపు తాలూకు కాబోలనుకుని ఎవరూ తల ఎత్తి చూడలేదు.

"అత్తా, నువ్వే ఓసారి నీ కేక వెయ్యి, రికార్డు చేస్తాను," అంటూ భార్గవి ఫోన్ ముందు పెట్టింది.

"ఫోన్లో అరవడమేంటే? ఎవరన్నా వింటే నవ్వుతారు."

"నవ్వితే నవ్వనీ. ఉల్లిపాలెం వీధిలో ఉన్నావనుకో."

మహాలక్ష్మమ్మ కళ్లు మూసుకుని కేక వేసింది. ఆపైన గొంతు తగ్గించి, "నడవలేకపోతున్నానమ్మా. కోడూరులో కొట్టు పెట్టుకున్నాను. ఇక మీరే రావాలి," అంది. భార్గవి దాని చివర కొట్టు ఫోన్ నంబరు చదివింది.

మర్నాడు ఉల్లిపాలెంలో ఆటో మలుపు తిరగ్గానే, ఎప్పుడూ చేపలు కొనే సులోచన గిన్నె పట్టుకుని బయటికొచ్చి, ఆటోలో లక్ష్మమ్మ కోసం వెతికింది. ఏడుకొండలు నవ్వాపుకుని కొట్టు ఎక్కడో చెప్పాడు. ఆ పూటే ఆవిడ వచ్చింది.

"చెప్పా పెట్టకుండా మానేస్తే ఏమనుకోవాలి లక్ష్మమ్మా?" అంటూ చందువ చేపలు తీసుకుని, రోజూ స్టేటస్ కనబడేలా నంబరు ఫోన్లో ఎక్కించుకుంది. వారం తిరక్కుండా ఆ వీధి వాళ్లంతా రావడం మొదలుపెట్టారు. అదే కేకను చేపల వీడియోకి జతచేస్తే గుడివాడ నుంచీ ఫోన్లు పెరిగాయి.

ఇంతలో వాయుగుండం పట్టి పడవలు కదల్లేదు. ఈరోజు చేపల్లేవని భార్గవి స్టేటస్ పెట్టింది కానీ, ఏడుకొండలుకి చెప్పడం మరిచిపోయింది. అతని మైకు మాత్రం ముందురోజు రికార్డుతోనే తాజా రొయ్యలు వచ్చాయంటూ ఊళ్లు తిరిగింది. అది విని పక్క ఊరి కాంతారావు మాస్టారు వానలో బండేసుకుని వచ్చి, ఖాళీ ఐసు పెట్టె చూశారు.

"మైకులో ఉన్నాయంటారు. మా ఆవిడ ఫోన్లో చూసి లేవంటోంది. ఏది నమ్మాలమ్మా?"

మహాలక్ష్మమ్మకు తల కొట్టేసినట్టయింది. "తప్పు మాదేనండీ," అని తువ్వాలిచ్చి, వేడిగా టీ తెప్పించింది.

ఆనాటి నుంచీ రోజూ పడవల సంగతి తెలిశాకే ఆమె ఫోన్లో మాట్లాడేది. ఆ మాటే స్టేటస్‌లోకీ, ఆటోకీ వెళ్లేది. వేట లేని రోజైతే, "ఇవాళ పడవలు రాలేదమ్మా, ఎవరూ రాకండి," అనేది.

"లేవని చెప్పడానికి కూడా ఆటో తిప్పాలా పిన్నీ?" అన్నాడు ఏడుకొండలు.

"దగ్గర ఊళ్లకైనా వెళ్లిరారా. మాస్టారిలా ఇంకొకళ్లు తడిసి రాకూడదు."

ఇప్పుడు పొద్దున పూట కొట్టు ముందు పక్క ఊళ్ల బళ్లు ఆగుతాయి. మధ్యాహ్నం గుడివాడ పార్సిళ్లు బస్సెక్కుతాయి. మొన్న ఆదివారం అక్కడి నుంచి లహరి అనే అమ్మాయి భర్తతో హంసలదీవి చూడ్డానికి వెళ్తూ కొట్టు దగ్గర ఆగింది. వీడియోలో గొంతు మీదేనా, ఒక్కసారి అరవరా అని అడిగింది.

"ఎదురుగా మనుషులుంటే సిగ్గేస్తుందమ్మా," అని మహాలక్ష్మమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. లహరిని పక్కన కూర్చోబెట్టుకుని, ఏ చేప పులుసు పెట్టాలో, ఏది వేయించాలో చాలాసేపు చెప్పింది. వాళ్ల కారు వెళ్లిపోయాక కోడలితో, "ఆ అమ్మాయికి ముల్లు తీయడం రాదంట. ఈసారి ముళ్లు తక్కువున్నవే పంపు," అంది.